అన్నది అన్నట్టు

అది కాదమ్మా, మధ్యలో ఒక కుర్చీ వదిలేసి అవతల కూర్చోవడం కూడా రూలేనా? నాకేం అంటురోగం లేదు. ఉంటే మా ఆవిడ ఎప్పుడో పట్టేసేది, ఆవిడ నర్సు.

సరే, అక్కడే కూర్చో. నీ ఉద్యోగం నీది. మెడలో ఆ కార్డు చూడగానే అనుకున్నాను, నా మాట డాక్టరుగారికీ ఆయన మాట నాకూ మార్చి చెప్పడానికి పంపిన అమ్మాయి ఈ అమ్మాయేనని. నిన్ను ‘మీరు’ అనాలేమో. మా అమ్మాయి కంటే చిన్నదానిలా ఉన్నావు, నోటికి నువ్వే వచ్చేస్తోంది. ఏమీ అనుకోకు.

నమస్కారం పెట్టాను, నువ్వూ పెట్టావు. ‘లోపలికి వెళ్ళేదాకా విషయం ఏమీ మాట్లాడకూడదండీ’ అన్నావు. అంతే, మళ్ళీ పెదవి విప్పలేదు. చూడు నా రాత. ఇన్నాళ్ళకి ఇంటి బయట ఒక తెలుగు మనిషి ఎదురుపడితే, ఆ మనిషికి మాట్లాడకూడదని రూలు.

మాట్లాడకూడదన్నారు సరే, వినకూడదని అనలేదుగా?

మరింకేం. నువ్వు ఆ గోడ మీద పడవ బొమ్మ చూసుకుంటూ ఉండు. నా మానాన నేను మాట్లాడుకుంటాను. మాట్లాడకపోతే నాకు ఇదిగో, ఈ చెయ్యి చూశావా, ఇలా వణుకుతుంది. జేబులో పెట్టుకుంటే జేబు వణుకుతుంది. ఇందాక ఆ మూల మంచినీళ్ళ మిషను గుడగుడమంటే, కుర్చీలోంచి లేచి నిలబడిపోయాను. నువ్వు చూడనట్టు నటించావు. మంచి పిల్లవి.

నేను బస్సు కండక్టర్ని. ఇక్కడ కాదులే, మన దగ్గర. ఉద్యోగమంతా ఒకటే రూటు. ఆ రూట్లో పిచ్చాసుపత్రి ఒక స్టేజీ. నమ్ముతావో నమ్మవో, ఆ స్టేజీకి టికెట్ అడిగిన మనిషి నాకు తగల్లేదు. అందరూ దాని తర్వాతి స్టేజీకి తీసుకునేవాళ్ళు. తీసుకుని, బస్సు ఆసుపత్రి దగ్గర ఆగగానే తల దించుకుని, సంచీ గుండెకి హత్తుకుని, మెల్లగా దిగిపోయేవాళ్ళు. లోపలున్న కొడుకుని చూడ్డానికో, మొగుణ్ణి చూడ్డానికో. ఆ ఒక్క పేరు పైకి పలకలేక, వెళ్ళని దూరానికి టికెట్ కొనేవాళ్ళు.

ఇవాళ నేనూ అదే పని చేశాను. ‘గుండె డాక్టరు మళ్ళీ రమ్మన్నాడు’ అని చెప్పాను మా ఆవిడకి. మనసు డాక్టరు అనలేదు. గుండె ఆసుపత్రికీ దీనికీ గేటు ఒకటే, డ్యూటీ దిగి ఇటే వచ్చేస్తానంది. వచ్చేసరికి నాది అయిపోయి కింద గేటు దగ్గర నిలబడి ఉంటే, ఈ బోర్డు చదవకుండా ఇంటికి పోవచ్చు. ఇంకెంతసేపంటావు? లోపల ఎవరో ఏడుస్తున్నట్టున్నారు. ఏడుపేనా అది? నవ్వా?

సరేలే.

ఇంకో సంగతి. ఇవాళ కూడా ఒక స్టాపు అవతల దిగి వెనక్కి నడిచొచ్చాను. అది సిగ్గుతో కాదు, మీట నొక్కలేక. ఇక్కడి బస్సుల్లో కండక్టరు ఉండడు కదా, దిగేవాడే ఎర్ర మీట నొక్కాలి. నొక్కితే టింగుమంటుంది. బస్సంతా శ్మశానంలా నిశ్శబ్దంగా ఉంటే, అందులో నా కోసం ఆ టింగు. అందరూ వింటారు. ఎవరు దిగుతున్నారా అని చూస్తారు. చూడరంటుంది మా అమ్మాయి. చూస్తారు. అందుకని ఇంకెవరైనా నొక్కుతారేమోనని ఎదురుచూస్తాను. ఎవరూ నొక్కకపోతే అలాగే ముందుకి పోతాను.

నవ్వొస్తోంది కదూ. నవ్వు, ఫరవాలేదు. బతుకంతా బెల్లు కొట్టి బస్సులాపిన వాణ్ణి, నా బస్సు నేను ఆపుకోలేకపోతున్నాను.

మొదట్లో ఇలా లేనమ్మా. ఉద్యోగం మా ఆవిడకొచ్చింది, ఆవిడ వెనకాల లగేజీలా నేనొచ్చాను. అమ్మాయీ అల్లుడూ అప్పటికే ఇక్కడున్నారు. ఒకటే ఇల్లు తీసుకున్నాం. ఎంత సంబరంగా వచ్చానో. కొత్త ఊరు, కొత్త జనం, ఇంక కబుర్లకి లోటేముంది అనుకున్నాను.

మర్నాడే బస్సెక్కి డ్రైవరు భుజం మీద చెయ్యేసి, ‘ఏం గురూ, ఇవాళ రష్షు బాగా ఉందా’ అన్నాను. తెలుగులోనే. ఏ దేశపు డ్రైవరుకైనా అర్థమయ్యే మాటే కదా అది. అతను నా చెయ్యి వైపు చూశాడు. తర్వాత నా వెనకాల నన్ను పట్టుకోవడానికి ఎవరైనా వస్తున్నారా అని చూశాడు. మా అమ్మాయి నా చొక్కా పట్టి లాగింది. ‘నాన్నా, ఇక్కడ అలా చెయ్యరు’ అంది.

ఇంకోసారి మా బావమరిదితో ఫోన్లో మాట్లాడుతున్నాను. పక్కింటి వాళ్ళు గోడ మీద టకటకా కొట్టారు. పటానికి మేకు దిగడం లేదేమో పాపం అనుకుని, వాళ్ళకి సాయంగా ఇటునుంచి నేను కూడా నాలుగు కొట్టాను. వాళ్ళింకా గట్టిగా కొట్టారు. నేను చెప్పు తీసి కొట్టాను. మా అల్లుడు స్నానం మధ్యలో తువ్వాలుతో పరిగెత్తుకొచ్చాడు. ‘మావయ్యా, అది మెల్లగా మాట్లాడమని అర్థం.’

అప్పట్నించి మొదలైందమ్మా.

‘నాన్నా, మెల్లగా.’ ‘ఏవండీ, గొంతు.’ గొంతు అంటే చాలు, నాకు తెలిసిపోయేది. తగ్గించేవాణ్ణి. వాళ్ళ తప్పు కాదు, నా మంచికే చెప్పేవాళ్ళు. పోలీసుల్ని పిలుస్తారన్నారు, ఇల్లు ఖాళీ చెయ్యమంటారన్నారు. నేనూ బుద్ధిగా నేర్చుకున్నాను. పక్క గదిలో మనిషిని పిలవాలన్నా లేచి వెళ్ళి భుజం తట్టడం. ఫోను తీసుకుని దుప్పటి ముసుగులో మాట్లాడడం. తుమ్మొస్తే మోచేతిలో కుక్కేసుకోవడం. నవ్వొస్తే పళ్ళు కనపడాలి గానీ శబ్దం రాకూడదు. అది చాలా కష్టం, నీకు తెలీదు, నువ్వు చిన్నప్పుడే నేర్చుకుని ఉంటావు.

‘మావయ్య ఎంత మారిపోయారో, పూర్తిగా ఇక్కడి మనిషైపోయారు’ అని మా అల్లుడు తన స్నేహితులతో చెప్పాడు. నా పక్కనే కూర్చుని చెప్పాడు. నేను పొంగిపోయాను. శబ్దం లేకుండా పొంగిపోయాను.

పనిలోనా? పనిలో అసలు గొంతుతో అవసరమే లేదు.

హోటళ్ళ దుప్పట్లు ఉతికి ఇస్త్రీ చేసే చోటు. హాలంతా ఆవిరి. ఇస్త్రీ అంటే మన బొగ్గుల పెట్టె కాదు. చెరుకురసం మిషన్ని పెళ్ళిపందిరంత చేసి, లోపల నిప్పులు పోసినట్టుంటుంది. ఇద్దరం ఇటు నిలబడి, దుప్పటి చెరో కొస పట్టుకుని దాని నోటికి అందించాలి. అది లాక్కుంటుంది. అవతలి నుంచి సాపుగా, పొగలు కక్కుతూ బయటికొస్తుంది. ఒకటే మోత. అందరికీ చెవులకి మూతలు. పొద్దున్నించి సాయంత్రం దాకా ఎవరి గొంతు వాళ్ళకే వినపడదు.

నా జోడీ ఒకావిడ. ఆవిడది ఏ దేశమో నాకు తెలీదు, నాదేదో ఆవిడకి తెలీదు. మనసులో పెద్దక్క అని పిలుచుకుంటాను. నాకంటే పొడుగు, నాకంటే బలం. మా ఇద్దరికీ కనుబొమలే భాష. ఒకటి ఎత్తితే పట్టుకోమని, రెండూ ఎత్తితే వదిలెయ్యమని, ముక్కు ముడిస్తే సూపర్‌వైజర్ వస్తున్నాడని. అలా బాగానే గడిచిపోయేది. మొదట్లో ఆ మోతలో నాలో నేనే మాట్లాడుకునేవాణ్ణి. పాత ప్యాసింజర్లందర్నీ ఎక్కించుకుని, దింపుకుంటూ, వాళ్ళతో వేళాకోళాలాడుకుంటూ. దుప్పట్లు వాటంతటవే అయిపోయేవి.

తర్వాత తర్వాత అదీ ఆగిపోయింది. లోపల బస్సు నడవడం లేదు. మాట కోసం వెతికితే దొరకదు. తెల్లగా దుప్పటి, మళ్ళీ దుప్పటి, మళ్ళీ దుప్పటి.

నువ్వు పడవ బొమ్మ చూడ్డం మానేశావు. చూడమ్మా. నువ్వు నా మొహం చూస్తే నేను చెప్పలేను.

మొన్నీమధ్య పెద్దక్క చేతికి గుడ్డ కట్టుకుని వచ్చింది. మణికట్టు నొప్పేమో. దుప్పటి అందిస్తుంటే ఆ గుడ్డ కొస దుప్పటితోపాటు రోలర్లోకి వెళ్ళింది. నేను చూశాను. అందరికంటే ముందు చూసింది నేనే, ఆవిడ ఇంకా చూడలేదు. గుడ్డ బిగుసుకుంది. చెయ్యి కదిలింది. నా చేతికి అందేంత దగ్గరలో ఎర్ర కడ్డీ ఉంది, దాన్ని నెడితే మిషను ఆగుతుంది. నా గొంతుతో కేక వేస్తే ఆ చెవి మూతల్లోంచి కూడా ఆవిడకి వినపడుతుంది, ఆవిడే నెడుతుంది.

కేక. నాకు కేక కొత్తా? ఒకసారి మా బస్సు కదులుతుంటే ఒక తల్లి చీర కొంగు తలుపులో ఇరుక్కుంది. నేను వెనక సీట్ల దగ్గర టికెట్లు కొడుతున్నాను. అక్కణ్ణించే ‘హోల్డాన్’ అన్నాను. మా బస్సే కాదు, ఎదురొస్తున్న లారీ కూడా ఆగిపోయింది. అంత గొంతు నాది.

నోరు తెరిచానమ్మా. తెరిచిన సంగతి నాకు తెలుస్తూనే ఉంది. ఏమీ రాలేదు. హోల్డాన్ రాలేదు, అమ్మో రాలేదు, వీళ్ళ భాషలో నేర్చుకున్న ఆగు అన్న మాటా రాలేదు. ఉత్త గాలి. చెయ్యి ఎత్తమంటే ఎత్తలేదు. కాళ్ళు ఎవరివో. నా లోపల కూర్చుని నేనే చూస్తున్నాను, కిటికీలోంచి చూసినట్టు.

ఆవిడే చూసుకుంది చివరికి. మోకాలితో కడ్డీని తన్నింది. గుడ్డ చిరిగింది. మోచేతి కింద ఇంత మేర కాలి ఎర్రగా పొంగింది. అందరూ ఆవిడ చుట్టూ చేరారు. నేను అక్కడే నిలబడి ఉన్నాను, నోరు తెరుచుకుని. పెద్దక్క నా దగ్గరికొచ్చి, కాలని చేత్తో నా వీపు తట్టింది. నేను హడలిపోయాననుకుంది. మర్నాడు నాకొక యాపిల్ పండు తెచ్చిచ్చింది. కాలింది ఆవిడకి, పండు నాకు.

ఆ రోజు నుంచే గుండె దడ. బస్సులో, మెట్ల మీద, పళ్ళు తోముకుంటుంటే కూడా. మా ఆవిడ నాడి పట్టుకుని చూసి మొహం మార్చేసింది. గుండె డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళారు. ఛాతీ నిండా వైర్లు పెట్టారు, పరిగెత్తించారు. గుండె బ్రహ్మాండంగా ఉందన్నారు. ‘మనసులో ఏదైనా దిగులుందా అని అడుగుతున్నారు నాన్నా’ అంది మా అమ్మాయి. అప్పుడు నా మాట మార్చి చెప్పేది అదే. చంకలో పసిపిల్ల, ఒక చేత్తో పాలసీసా. దాని మొహం చూసి ఏం చెప్పమంటావు? ‘నాకేం దిగులే, మహారాజుని’ అన్నాను. అది డాక్టరుకి ఏదో చెప్పింది, ఇద్దరూ నవ్వారు. ఏం చెప్పావే అంటే, ‘మా ఇంట్లో అందరికంటే హాయిగా ఉండేది మా నాన్నే అని చెప్పాను’ అంది.

ఆ డాక్టరు నవ్వాడు గానీ, మా అమ్మాయి పిల్లతో ముందు బయటికి నడిచాక నా చేతులు చూశాడు. చూసి, ఇక్కడికి పొమ్మని రాశాడు. ఈసారి ఇంట్లోవాళ్ళు వద్దు, బయటి మనిషి కావాలని అడిగింది నేనే. వేళ్ళూ సైగలూ పెట్టి అడిగాను. అలా నువ్వొచ్చావు.

పసిపిల్ల అన్నాను కదూ. మా మనవరాలు. ఇప్పుడిప్పుడే బోర్లా పడుతోంది. బోర్లా పడి తల ఎత్తి, తనేదో కొండెక్కినట్టు అందరి వైపూ చూస్తుంది. నన్ను చూస్తే చాలు, కాళ్ళూ చేతులూ ఆడిస్తుంది. నా నోరు ఎక్కడ నొక్కేసినా దాని దగ్గర మాత్రం ఊ కొట్టేవాణ్ణి. మెల్లగానే.

పోయిన ఆదివారం దాన్ని మంచం మీద పడుకోబెట్టి, నన్ను చూస్తుండమని మా అమ్మాయి స్నానానికి వెళ్ళింది. నేను కుర్చీలో, అది మంచం మీద. ఒకసారి దొర్లింది. నవ్వాను. రెండోసారి దొర్లింది. అంచుకొచ్చింది.

అదే మళ్ళీ వచ్చిందమ్మా.

చెయ్యి చాపితే అందుతుంది. చెయ్యి నాది కాదు. పిలుద్దామంటే గొంతులో ఏమీ లేదు. పిల్ల నా వైపే చూస్తోంది, తాత ఏదో ఆట ఆడుతున్నాడనుకుని. ఒక చెయ్యి మంచం దాటి గాల్లో ఉంది. నాకు కింద నేల కనిపిస్తోంది. గచ్చు నేల. ఆ గచ్చు మీద చిన్న పగులు కూడా కనిపిస్తోంది. అంత స్పష్టంగా ఉంది నా బుర్ర. అయినా కదల్లేదు.

మా అల్లుడొచ్చి అందుకున్నాడు. టైముకొచ్చాడు, దేవుడిలా. పిల్లని భుజాన వేసుకుని నవ్వుతూ, ‘ఏంటి మావయ్యా, మనవరాలితో స్టాచ్యూ ఆటా?’ అన్నాడు. నేనూ నవ్వాను. అప్పటికి నవ్వు వచ్చింది. కావలసినప్పుడు కేక రాలేదు గానీ, అక్కర్లేనప్పుడు నవ్వు మాత్రం ఠంచనుగా వచ్చింది.

సోమవారం మా అమ్మాయి ఉద్యోగంలో చేరాలి. మా ఆవిడకి పగలు డ్యూటీ పడింది. అల్లుడు ఎలాగూ ఉండడు. నన్ను లాండ్రీ మాన్పించేశారు. ‘నాన్న ఉండగా పిల్లని ఇంకెక్కడో వదలడమేంటి, నాన్న చేతిలో ఉంటే నాకు నిశ్చింత’ అంది మా అమ్మాయి. అందరూ సంతోషంగా ఉన్నారు. ఇంట్లో నేనూ పిల్లా ఇద్దరమే. పొద్దున్నించి సాయంత్రం దాకా.

విన్నావుగా. ఇప్పుడు చెప్పు, నా చెయ్యి ఎందుకు వణకదు?

వద్దు, వద్దు, చెప్పకు. రూలు కదా.

అసలు నేను ఇందాకట్నించి నీకు చెప్పాలనుకున్నది వేరే. లోపల నేనేమన్నా నువ్వు కొంచెం చూసి చెప్పాలి తల్లీ. ఒకటి రెండు మాటలు మింగెయ్యి. మిషను సంగతి చెప్పు, ఫరవాలేదు. పిల్ల సంగతి వద్దు. ఇక్కడ పిల్లల విషయంలో చాలా పట్టింపట, ఎవరో వచ్చి పిల్లల్ని తీసుకుపోతారట, తెలిసినవాళ్ళు అనుకుంటుంటే మా అమ్మాయి విని చెప్పింది. అది నిజమో అబద్ధమో నాకు తెలీదు. నిజమైతే? నా నోటి వల్ల నా కూతురి ఒళ్ళోంచి పిల్లని తీసుకుపోతే? నన్ను తీసుకుపోయి తాళం వేస్తే వేశారు, అది వేరు. ఆ తలుపుకి బయట గడియ ఉందేమోనని వచ్చీరాగానే చూశాను. లేదు. లోపల గడియ ఉందో లేదో ఇక్కణ్ణించి కనపడదు.

తల అడ్డంగా ఊపుతున్నావు. మింగడానికి లేదన్న మాట.

అన్నది అన్నట్టు చెప్పాలి, ఒక్క మాట కలపకూడదు, ఒక్క మాట తీయకూడదు. అంతేనా? తెలుసులే. గుండె ఆసుపత్రిలో ఒకసారి మా అమ్మాయి ఆలస్యమైతే, ఫోనులో ఎవరో తెలుగాయన చేత చెప్పించారు. ఆయన ‘పెద్దాయనకి ఛాతీ పట్టేసినట్టుంది’ అంటాడనుకున్నాను. అలా కాదట, ‘నాకు ఛాతీ పట్టేసినట్టుంది’ అనే చెప్పాడట. నేనన్నట్టే, నేనైపోయి చెప్పాడు. మా అమ్మాయి వచ్చాక చెప్పింది, అది వాళ్ళ పద్ధతి నాన్నా అని. ఎవరో ముక్కూ మొహం తెలియని మనిషి నా నొప్పి తనకున్నట్టు చెప్పాడంటే నాకు ఒళ్ళు జలదరించింది.

ఇవాళ నువ్వూ అంతేగా. ఆడపిల్లవి, నా కూతురి కంటే చిన్నదానివి, ‘నా మనవరాలు పడిపోతుంటే నేను చూస్తూ కూర్చున్నాను’ అని నువ్వు అనాలి. నీకు భయం వెయ్యదూ?

ఇంకో దారి కూడా ఉంది చూడు. నేను అసలేమీ చెప్పకపోతే నువ్వూ ఏమీ చెప్పవు. అంతా విన్నావు, అంతా తెలుసు, అయినా నేను బాగున్నానంటే నువ్వు బాగున్నాననే చెప్పాలి. అదీ రూలేగా? నా నోరు సంగతి నీకు తెలీదు. కేకకి తెరుచుకోదు గానీ, ఎలా ఉన్నావని ఎవరడిగినా బాగున్నానని దానంతట అదే అనేస్తుంది. నన్ను అడగదు. అదే నాకు అన్నిటికంటే హడలుగా ఉంది. లోపలికి వెళ్తాను, ఆయన అడుగుతాడు, అది అనేస్తుంది, సోమవారం వచ్చేస్తుంది.

తలుపు తీశారు. మనల్నేనా? నన్నేనా చూస్తున్నాడు?

నువ్వు ముందు నడువమ్మా. కాదు, నేనే నడుస్తాను. నువ్వు నా వెనకాలే ఉండు, మరీ వెనక్కి పోకు.

ఈ కుర్చీలోనా? మెత్తగా ఉంది. లోపల కూడా గడియ లేదు, చూశావా. డాక్టరుగారికి నమస్కారమని చెప్పు. చేతులు జోడించాను కాబట్టి చెప్పక్కర్లేదంటావా.

ఎలా ఉన్నానని అడుగుతున్నారా?

బాగున్నానండీ.

చెప్పేశావా. చెప్పేసే ఉంటావు. చూశావా, నేను చెప్పలేదూ. అదిగో, ఆయన తల ఊపాడు. బాగున్నాడట అనుకున్నాడు. అయిపోయింది.

ఏమీ అడగడేం ఆయన? ఎందుకలా ఊరుకున్నాడు? నీ వైపు చూడడం లేదు, నా వైపే చూస్తున్నాడు. ఇక్కడి వాళ్ళు మాట్లాడకుండా ఎంతసేపైనా కూర్చోగలరమ్మా. నా వల్ల కాదు. ఎదురుగా మనిషిని పెట్టుకుని ఊరుకోవడం నా వల్ల కాదు.

బాగాలేను అని చెప్పు. ఇందాకటిది నా నోరు అలవాటుకొద్దీ అంది, ఇది నేనంటున్నానని చెప్పు.

నాకు భయంగా ఉందని చెప్పు. మాట రావలసిన చోట రావడం లేదని, చెయ్యి నాది కావడం లేదని. ఇప్పటికి రెండుసార్లు. ఒకసారి పనిలో మిషను దగ్గర, ఒకసారి మా మంచం దగ్గర. మంచం మీద ఎవరున్నారంటే, మా మనవరాలు ఉంది. పడలేదు. పడలేదు గానీ, పడకుండా ఆపింది నేను కాదు. సోమవారం నుంచి దాన్ని నా ఒక్కడి చేతిలో వదిలి వెళ్ళిపోతున్నారు, నన్ను చూసి వాళ్ళకెవరికీ భయం లేదు, నాకొక్కడికే ఉంది. అన్నది అన్నట్టు చెప్పు తల్లీ. ఏదీ తీసెయ్యకు.

ఊఁ.

నీ గొంతు కాస్త వణికింది. రూలుకి విరుద్ధమేమో అది. సరేలే, నేనేం ఎవరికీ చెప్పను.

ఏమంటున్నారు? పిచ్చి కాదంటున్నారా? కాదనడానికి ఇంత మెల్లగా చెప్పాలా, నాకు చెమటలు పట్టాయి. దీనికి పేరుందట? మందుందట? చాలామందికి ఇలా అవుతుందా, ఇల్లు వాకిలి మార్చుకుని వచ్చినవాళ్ళకి? వాళ్ళంతా ఏ బస్సులో పోతున్నారో, నాకెవరూ కనపడలేదే. పిల్లని తీసుకుపోరు కదా అని అడుగు. తీసుకుపోరా? ఇంకోసారి అడుగు.

సరే. మరి సోమవారం?

ఒంటరిగా ఉంచొద్దంటున్నారా. నాక్కూడా కావలసింది అదే బాబూ, చేతులెత్తి దండం పెడతాను. మీరొక చీటీ రాసివ్వండి, ఈయన చేతికి పిల్లనివ్వకండి అని. మా ఇంట్లో చూపిస్తాను.

చీటీ కాదా? మరి?

మా ఆవిడకి తెలుసా అంటారా. తెలీదండీ. ఎవరికీ తెలీదు. ఈ అమ్మాయికీ మీకూ తప్ప.

బయట ఉన్నది ఆవిడేనా? తలుపుకున్న ఆ అద్దంలోంచి కనపడుతోందా? అవును, ఆవిడే. కింద నేను కనపడక వెతుక్కుంటూ డ్యూటీ బట్టల్లోనే వచ్చేసింది. బోర్డు చదివేసింది. చదివిన మొహమే అది, నాకు తెలుసు. సంచీ చూశావా ఎలా పట్టుకుందో, గుండెకి.

పిలవమంటారా? ఇప్పుడేనా?

పిలవండి. పిలవండి మరి, అలా నిలబెడితే ఎలా.

అమ్మాయ్, నువ్వు లేవకు. ఆ కుర్చీ ఇలా జరుపుకో, నా పక్కకి. ఆవిడ రాగానే ఇందాక ఆయనకి చెప్పావే, నాకు భయంగా ఉంది అని, అక్కణ్ణించి మొదలుపెట్టు. నువ్వు బాగా చెబుతావు. నేను ఇలా నేల చూస్తూ కూర్చుంటాను.

ఏం, ఎందుకు తల ఊపుతున్నావు?

నిజమే. ఆవిడకి తెలుగొచ్చు.

అదేనమ్మా వచ్చిన చిక్కు.